ఊరి మీటింగా, ఇంటి గడపా?

కుటుంబ నియంత్రణ గురించి చెప్పే వాలంటీర్లకు రెండు దారులు: పదిహేను ఇరవై మందిని ఒకచోట కూర్చోబెట్టడం, లేదా ఇంటింటికీ వెళ్లడం.

వస్తువుల్ని చూపించడానికి మీటింగే మేలు. గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే కాపర్ టీని ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి పంపితే, అది గుండెదాకా పాకుతుందన్న భయం చాలావరకు అక్కడే పోతుంది. కండోమ్‌ను చెక్క నమూనా మీద తొడిగి చూపాలి: తేదీ చూడడం, అంచున చింపడం, కొన నొక్కి గాలి తీసి మొదలుదాకా విప్పడం. అరటిపండు వద్దు, నవ్వుల్లో అసలు సంగతి కొట్టుకుపోతుంది. ఆడవాళ్లను, మగవాళ్లను విడివిడిగా కూర్చోబెడితే కాస్త నోరు విప్పుతారు. సొంత ఇబ్బంది మాత్రం అక్కడ ఎవరూ చెప్పరు.

అది గడప దగ్గరే బయటపడుతుంది. "గర్భం రాకుండా రోజూ వేసుకునే మాత్ర నిన్న మరిచాను, ఎలా?" గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, మిగతావి వేళకు మింగాలి. వరుసగా మూడు, అంతకు మించి తప్పితే, మళ్లీ వరుసగా 7 రోజులు మాత్ర పడేదాకా కండోమ్ కూడా వాడాలి. మూడు నెలల ఇంజెక్షన్‌ను చాలామంది మానేసేది నెలసరి గాడి తప్పి మరకలు కనిపించడం వల్లే. సూది వేయించుకోకముందే ఈ మాట చెప్పి ఉంచాలి.

ఇంట్లో చిక్కల్లా పక్కన పెద్దలుండడం. అప్పుడు వేరే కబుర్లు చెప్పి లేచి, మరో రోజు రావాలి. పేర్లు రాసిన నోట్‌బుక్ ఎవరి కంటా పడకూడదు.

మనుషులు తక్కువైతే ముందు మీటింగు పెట్టి, అక్కడ ఏదో అడగబోయి ఆగిపోయినవాళ్ల ఇళ్లకే వారంలోపు వెళ్లండి.