జాగ్రత్త: ‘100 శాతం ఈమెయిల్ వాలిడేషన్’ అని అమ్మే రెడీమేడ్ కోడ్ కొని చేతులు కాల్చుకున్నాను

గుంటూరులో మా బాబాయికి పచ్చళ్ల కొట్టు ఉంది. దాని వెబ్‌సైట్ నేనే చూస్తాను. పోయిన వేసవికి ముందు ఆర్డర్ ఫారం మార్చుదామని, ఆన్‌లైన్‌లో కోడ్ అమ్మే ఒకచోట 3,800 రూపాయలు పెట్టి రెడీమేడ్ మాడ్యూల్ కొన్నాను. వివరాల పేజీలో పెద్ద అక్షరాలతో ‘ఈమెయిల్ వాలిడేషన్ 100 శాతం కచ్చితం, ఆర్‌ఎఫ్‌సీ 5322 ప్రకారం’ అని రాసి ఉంది. వాలిడేషన్ అంటే ఫారంలో కొట్టిన ఈమెయిల్ సరైన రూపంలో ఉందో లేదో చూడటం, ఆర్‌ఎఫ్‌సీ 5322 అంటే ఈమెయిల్ ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం. నాలుగున్నర స్టార్లు, పొగుడుతూ బోలెడు రివ్యూలు. రాత్రి పదకొండు దాటాక ఎవరు మాత్రం లోతుగా చూస్తారు, కొనేశాను. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఇలాంటి కోడ్ రకరకాల పేర్లతో దొరుకుతోంది, కాబట్టి పేరు కన్నా దాని లక్షణాలు తెలుసుకోవడమే మీకు పనికొస్తుంది.

ఏప్రిల్ నెలాఖరు, కొత్తావకాయ ఆర్డర్లు జోరుగా వస్తున్న రోజులు. బాబాయి ఫోన్ చేశాడు. “ఒరేయ్, డల్లాస్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి చెడామడా తిట్టింది. ఆవిడ ఈమెయిల్ చెల్లదంటోందట మన ఫారం. పదేళ్లుగా వాడుతున్న ఈమెయిల్ చెల్లకపోవడమేంట్రా?”

ఆవిడ ఈమెయిల్ ఏమిటో బాబాయి చేత చదివించుకున్నాను. పేరు, తర్వాత ప్లస్ గుర్తు, తర్వాత ‘పికిల్స్’, ఎట్ జీమెయిల్ డాట్ కామ్. అందులో ఏ తప్పూ లేదు. జీమెయిల్‌లో ప్లస్ తర్వాత ఏం రాసినా మెయిల్ అదే ఇన్‌బాక్స్‌కి వస్తుంది. ఏ షాపుకి ఏ అడ్రస్ ఇచ్చామో గుర్తుండటానికి చాలామంది ఇలా వాడతారు. మన ఫారం మాత్రం ప్లస్ చూడగానే ఎర్ర అక్షరాలతో ‘సరైన ఈమెయిల్ ఇవ్వండి’ అంది. ఆ వారంలోనే ఇంకో ఇద్దరికి ఇలాగే అయింది. ఒకరి అడ్రస్ డాట్ టెక్నాలజీతో ముగుస్తుంది, ఇంకొకరిది డాట్ ఫొటోగ్రఫీతో.

అప్పుడు కూర్చుని కోడ్ తెరిచాను. ‘100 శాతం’ అన్నదల్లా ఒకే ఒక్క రెజెక్స్ లైను, అంటే అక్షరాలు ఏ వరసలో ఉండాలో చెప్పే నమూనా. ఎట్ గుర్తుకు ముందు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, చుక్క, అండర్‌స్కోరు, హైఫన్ తప్ప ఇంకేవీ రాకూడదు. ఆఖరి చుక్క తర్వాత రెండు నుంచి నాలుగు అక్షరాలే ఉండాలి. ఆరు అక్షరాల డాట్ మ్యూజియం 2001 నుంచే ఉంది. 2013 చివరి నుంచైతే చుక్క తర్వాత వచ్చే ఇలాంటి కొత్త ముగింపులు, అంటే టాప్ లెవెల్ డొమైన్లు, వందల్లో వచ్చాయి. మన డాట్ భారత్ తెలుగు లిపిలో కూడా ఉంది, కంప్యూటర్ల మధ్య అది ‘ఎక్స్ఎన్’ అని మొదలై హైఫన్లు, అంకెలు కలిసిన రూపంలో నడుస్తుంది. రెండు నుంచి నాలుగు అక్షరాలనే కోడ్ దగ్గర దానికి చోటెక్కడిది?

ఆర్‌ఎఫ్‌సీ 5322 పేరు చెప్పి అమ్మడం ఇంకా విడ్డూరం. 2008లో వచ్చిన ఆ ప్రమాణంలో ప్లస్ గుర్తుకు అనుమతి ఉంది, అపాస్ట్రఫీకి ఉంది, కోట్స్‌లో పెడితే ఖాళీలకూ ఉంది, బ్రాకెట్లలో వ్యాఖ్యలు రాసుకోవడానికి కూడా ఉంది. దాన్ని నిజంగా తుచ తప్పకుండా పాటిస్తే లోకంలో ఎవరూ వాడని వింత అడ్రస్‌లన్నీ లోపలికి వచ్చేస్తాయి. అందుకే బ్రౌజర్లలో ఉండే ఈమెయిల్ ఇన్‌పుట్ గురించి వెబ్‌పేజీల భాష హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలోనే, ఈ విషయంలో 5322ని కావాలనే ఉల్లంఘిస్తున్నాం అని రాసుకున్నారు. అంటే ‘5322 ప్రకారం’ అన్న మాట అమ్మకానికి పెట్టిన అలంకారం, అంతే.

సరైనవాళ్లను ఆపింది సరే, తప్పుడు అడ్రస్‌లనైనా ఆపిందా? అదీ లేదు. ‘జీమెయిల్ డాట్ కాన్’ అని కొట్టినా చక్కగా తీసుకుంది, మూడు అక్షరాలే కదా! కామ్‌కి బదులు కాన్ అని కొట్టిన ఒకాయనకి మేం పంపిన బిల్లూ అందలేదు, ట్రాకింగ్ నంబరూ అందలేదు. డబ్బు కట్టించుకుని మోసం చేశామనుకుని, డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టాడు. పార్సిల్ అప్పటికే విమానం ఎక్కేసింది. బాబాయికి అది ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు.

అసలు భయపెట్టిన విషయం ఇంకోటుంది. ఆ రెజెక్స్ చివర ‘ఎం’ అనే మాడిఫయర్ (రెజెక్స్ పనితీరు మార్చే గుర్తు) పెట్టారు. దానివల్ల పీహెచ్‌పీ (సర్వరులో మా సైట్‌ని నడిపే కోడ్ భాష) ప్రతి లైన్‌నీ విడిగా చూస్తుంది. ఒక లైన్ సరిగా ఉంటే చాలు, కింద ఇంకేం రాసి ఉన్నా మొత్తం పాస్. ఆ అడ్రస్‌ని ఉన్నదున్నట్టు తీసుకెళ్లి మెయిల్ హెడర్లో, అంటే ఎవరి నుంచి, ఎవరికి అని ఉండే పైభాగంలో, పెట్టేస్తోంది ఆ మాడ్యూల్. అంటే ఎవడైనా ఈమెయిల్‌లో లైన్ బ్రేక్ కలిపి, కింద బీసీసీ (మిగతావాళ్లకు కనపడని కాపీ) అంటూ తనకి కావలసిన అడ్రస్‌లు పెట్టి పంపితే, మన కొట్టు సర్వరు ఊళ్లోవాళ్లందరికీ వాడి స్పామ్ పంపిపెడుతుంది. పేజీలో పెట్టె ఒక్క లైన్‌దే కదా అనుకోకండి, అలాంటివాడు మీ పేజీ తెరవడు, నేరుగా సర్వరుకే పంపుతాడు. అదృష్టం కొద్దీ మాకలా జరగలేదు.

ఫిర్యాదు చేస్తే నాలుగు రోజులకు ‘అప్‌డేట్’ అని ఇంకో వెర్షన్ పంపారు. ప్లస్ తీసుకుంది, పొడుగు డొమైన్లూ తీసుకుంది. హమ్మయ్య అనుకుని ఫోన్లో మా తాతయ్య పేరు పూర్తిగా కొట్టి చూశాను: వెంకటసుబ్రహ్మణ్యేశ్వరశర్మ, ఇంగ్లిష్‌లో 28 అక్షరాలు. చివరి అక్షరాల దగ్గరకు వచ్చేసరికి కీబోర్డు నత్తనడక. వెనకాల పుట్టిన సంవత్సరం నాలుగంకెలు వేశానో లేదో పేజీ బిగుసుకుపోయింది. కారణం కొత్త రెజెక్స్‌లో ‘ఒకటో అంతకన్నా ఎక్కువో’ అన్న గుర్తున్న గుంపుని మళ్లీ ‘ఎన్నిసార్లైనా’ అనే ఇంకో గుంపులో పెట్టారు. ఎట్ గుర్తు ఇంకా కొట్టలేదు కాబట్టి పోలిక కుదరదు. కుదరనప్పుడల్లా అది ఆ అక్షరాలను ఎన్ని రకాలుగా ముక్కలు చేయొచ్చో అన్నీ ప్రయత్నిస్తుంది. ఒక్కో అక్షరం పెరిగితే ఆ లెక్క రెట్టింపు. 28 అక్షరాలకు 13 కోట్లు దాటుతుంది, 32కి 214 కోట్లు. అదీ ప్రతి అక్షరం కొట్టినప్పుడల్లా మొదటినుంచి! మన పేర్ల పొడుగు ఆ రాసినవాడికి తెలియదు పాపం. రెజెక్స్‌తో బోల్తా పడటం చిన్నవాళ్లకే కాదు లెండి, 2016 జూలై 20న ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో 34 నిమిషాలు ఆగిపోయిందీ, 2019 జూలై 2న వెబ్‌సైట్లకు రక్షణ ఇచ్చే క్లౌడ్‌ఫ్లేర్ పడిపోయిందీ ఇలాంటి రెజెక్స్ వల్లే. కానీ వాళ్లు దాన్ని డబ్బులకు నాకు అమ్మలేదు.

ఇక నా రెండో తెలివితక్కువ పని. ‘ఈ అడ్రస్ నిజంగా ఉందో లేదో చెప్తాం’ అనే సర్వీసులో క్రెడిట్లు కొన్నాను. వాళ్లు చేసేదేమిటంటే, అవతలి మెయిల్ సర్వరుకి కనెక్టయి ‘ఫలానావారికి ఉత్తరం ఉంది, తీసుకుంటావా’ అని అడిగి, జవాబు వినగానే ఉత్తరం ఇవ్వకుండా కనెక్షన్ తెంచేయడం. కొన్ని కంపెనీల సర్వర్లు ఎవరి పేరు చెప్పినా ‘ఆఁ తీసుకుంటా’ అంటాయి. కొన్ని ముక్కూమొహం తెలియనివాళ్లను ‘కాసేపాగి రా’ అంటాయి. రెండు రకాలకీ నాకు వచ్చిన జవాబు ఒక్కటే, ‘రిస్కీ’. క్రెడిట్ మాత్రం కట్. పైగా కస్టమర్ల అడ్రస్‌లన్నీ నేనే తీసుకెళ్లి మూడోవాడి చేతిలో పెట్టినట్టయింది, అది తర్వాత తట్టింది.

ఇప్పుడు మా ఫారంలో ఉన్నది చాలా కొంచెం. ముందు అటూ ఇటూ ఖాళీలు తీసేస్తున్నాను, ఫోన్ కీబోర్డులు పదం సూచించినప్పుడు చివర ఖాళీ అంటిస్తాయి, సగం ‘చెల్లదు’లు దానివల్లే. తర్వాత పీహెచ్‌పీలో ఉచితంగా ఉన్న, ఈమెయిల్ రూపం చూసే ఫిల్టర్ చెక్, పొడుగు 254 అక్షరాలు దాటకుండా ఒక హద్దు. డాట్ కాన్ లాంటివి కనిపిస్తే ఆపడం లేదు, ‘డాట్ కామ్ అనా?’ అని అడుగుతున్నాను. ఆ పైన ఒక కన్ఫర్మేషన్ మెయిల్. అది చేరి, ఆ మనిషి అందులోని లింకు నొక్కితేనే ఆ అడ్రస్ వాళ్లదని తెలుస్తుంది. అక్షరాల ఆకారం చూసి ఏ కోడూ ఆ మాట చెప్పలేదు, 3,800 పెట్టినా 38,000 పెట్టినా. ఒక్క చిక్కు ఉంది, కొన్ని ఆఫీసు మెయిళ్లలో సెక్యూరిటీ స్కానర్లు లింకుని మనిషి కన్నా ముందే తెరిచేస్తాయి. అందుకని లింకు తెరిస్తే పేజీ వచ్చేలా, ఆ పేజీలో బటన్ నొక్కితేనే కన్ఫర్మ్ అయ్యేలా పెట్టాను.

కొనక తప్పదనుకుంటే డెమోలో ముందు ప్లస్ గుర్తు పెట్టి చూడండి, డాట్ ఫొటోగ్రఫీతో చూడండి, అపాస్ట్రఫీతో చూడండి, ఎట్ గుర్తు లేకుండా 40 అక్షరాలు గబగబా కొట్టి చూడండి. డెమో ఇవ్వనంటే అక్కడే ఆగిపోండి.

రీఫండ్ అడిగితే ‘డిజిటల్ వస్తువు, డౌన్‌లోడ్ అయ్యాక తిరిగి ఇవ్వం. మీ కస్టమర్లను వేరే ఈమెయిల్ వాడమనండి’ అని జవాబిచ్చారు. ఆ మాట డల్లాస్ ఆవిడకి వాళ్లే ఫోన్ చేసి చెప్పాలని బాబాయి కోరిక. నేను మాత్రం డెమో వీడియో తీసి, కోడ్ అమ్మిపెట్టే ఆ సైట్ వాళ్లకే ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు.