వెట్టి పునరావాసమా, బాధితుల పరిహారమా?

హైదరాబాద్ పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి బిహార్ పిల్లల్ని విడిపించారన్న వార్త చాలాసార్లు చదివాం. ఆ పిల్లలకు డబ్బు సాయం అందే దారులు ముఖ్యంగా రెండు.

మొదటిది 2016 నాటి కేంద్ర పునరావాస పథకం. ఇందులో లెక్క ముందే రాసి ఉంది: వెట్టి నుంచి బయటపడ్డ పిల్లలకు 2 లక్షలు, లైంగిక దోపిడీకి గురైతే 3 లక్షలు. తక్షణ సాయం 30 వేల దాకా ఉంటుంది. కానీ అంతా ఒక్క కాగితం మీద ఆధారపడింది, వెట్టి నుంచి విడిపించినట్టు ధ్రువీకరించే విడుదల పత్రం. అది కలెక్టరో, ఆర్డీవోనో ఇవ్వాలి. ‘బాలకార్మికుడు’ అని మాత్రమే రాసుకుని రైలెక్కిస్తే ఈ దారి అక్కడితో మూసుకుపోయినట్టే. సొంతూరు వెళ్లాక దాన్ని సంపాదించడం పెద్ద తలనొప్పి. పూర్తి మొత్తానికి కేసు నడకతోనూ ముడి ఉంటుంది.

రెండోది జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా వచ్చే పరిహారం. దీనికి ఆధారం పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో సెక్షన్ 357ఏ, దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో ఇప్పుడు సెక్షన్ 396. నిందితుడు దొరక్కపోయినా అడగొచ్చు, విచారణ రెండు నెలల్లో ముగించాలి. మొత్తం మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. పిల్లలపై లైంగిక నేరాల చట్టం (పోక్సో) కింద కేసైతే ప్రత్యేక కోర్టే మధ్యంతర పరిహారం ఇప్పించగలదు. ఉత్తర్వు అందిన 30 రోజుల్లో చెల్లించాలి.

నన్నడిగితే విడుదల పత్రం కోసమే ముందు పట్టుబట్టాలి. ఒకటి తీసుకుంటే రెండోది పోదు. లాయర్ ఫీజు టెన్షన్ కూడా అక్కర్లేదు, 15100కి ఫోన్ చేస్తే ఉచిత న్యాయసాయం ఎలా పొందాలో చెబుతారు.