జానపద పాటకు కొలబద్ద ఏది మేలు: పాతదనమా, వాయిద్యమా, పదిమంది నోరా?

నిరుడు సద్దుల బతుకమ్మ నాడు మా కాలనీ గుడి ముందు రెండు ఆటలు పక్కపక్కనే సాగాయి. ఒకవైపు నిలువెత్తు స్పీకర్లలో రికార్డు పాటలు, చుట్టూ వందమందికి పైగా ఆడవాళ్లు. ఇంకోవైపు, కాస్త చీకటిలో, ఓ పదిహేనుమంది. ఒక పెద్దావిడ పాట ఎత్తుకుంటే మిగిలినవాళ్లు వంగి చప్పట్లు చరుస్తూ ‘ఉయ్యాలో’ అని అందుకుంటున్నారు. స్పీకర్లలో వచ్చినవి మా అమ్మమ్మల నాటి పాటలు. పెద్దావిడ పాటలో నిండని చెరువు ఉంది, విమానమెక్కిన మనవరాలు ఉంది. జానపదాలంటే ప్రాణం పెట్టే మేం నలుగురం ఆ రాత్రి కూర్చుని గట్టిగానే వాదించుకున్నాం. ఈ రెంటిలో సంప్రదాయం ఏది?

మాలో ఒకరి కొలబద్ద పాతదనం. పాట తరాల నాటిదై ఉండాలి, కట్టినవారి పేరు తెలియకూడదు. ఎక్కువమంది అభిమానుల మనసులో ఉన్నదీ ఇదే. దీని మేలు నేను కాదనను. పాతవి పోతాయన్న బెంగ లేకపోతే పాటలు సేకరించి పుస్తకాలకెక్కించే ఓపిక ఎవరికీ ఉండదు.

కానీ ఈ కొలబద్దతో బుర్రకథను కొలిచి చూడండి. జంగాలు తంబుర, అందెలతో చెప్పుకొచ్చిన కథకు 1940లలో ప్రజానాట్యమండలి కళాకారులు కొత్త రూపమిచ్చారు. పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ దాన్ని ఊరూరా మోగించారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. మధ్యలో కథకుడు, ఒక పక్క హాస్య వంత, ఇంకో పక్క రాజకీయ వంత. కథ బొబ్బిలి యుద్ధమైనా సరే, ఆనాటి ఊరి సంగతులను అందులోకి లాగడమే రాజకీయ వంత పని. కొత్తదనానికి అక్కడ ఒక మనిషినే నిలబెట్టారు! అలాంటి కళను పాతదనంతో కొలిస్తే ఏం మిగులుతుంది?

‘బండెనక బండి కట్టి’ సంగతీ అంతే. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట అది. ‘మా భూమి’ సినిమాలో గద్దర్ గొంతులో విని, ఊరిపాటే అనుకున్నవాళ్లు ఎందరో. కర్త పేరు తెలిసిన మరుక్షణం అది జానపదం కాకుండా పోతుందా? పేరు లేకపోవడాన్ని గొప్పగా చూడటంలో నాకు అన్యాయమూ కనిపిస్తుంది. 2021లో ‘సారంగ దరియా’ పాట సినిమాలోకి వచ్చినప్పుడు, అంతకుముందే ఆ పాటను పల్లెలో సేకరించి పాడినవారికి ఏం దక్కాలన్న వాదన లేచింది. ‘ఎవరిదీ కాదు’ అన్న మాట తరచు ‘ఎవరైనా పట్టుకుపోవచ్చు’ అన్న దగ్గర తేలుతుంది.

రెండో కొలబద్ద వాయిద్యం: డప్పు, డోలు, తంబుర ఉంటే సంప్రదాయం, కీబోర్డు ఉంటే కాదు. వినడానికి తేలిక, నిలబెట్టడం కష్టం. ఐరోపాలో పుట్టి 19వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన హార్మోనియం లేకుండా ఇవాళ వీధి నాటకాన్ని, భజనను ఊహించగలమా? అయితే ఒక్క చోట ఈ కొలబద్దకు తల వంచుతాను. తోలు డప్పును గడ్డిమంట మీద కాచేటప్పుడు చూడండి. వాయించేవాడు వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ మంటకు చూపి, బిగువు కుదిరాకే దెబ్బ వేస్తాడు. బోల్టులు బిగించిన ఫైబర్ డప్పుకు ఆ అవసరం లేదు, ఆ చెవీ అక్కర్లేదు. అలాగే 12 మెట్ల కిన్నెర అనే తీగల వాయిద్యం. దాన్ని వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాకే చాలామంది దాని పేరు విన్నారు. కిన్నెర పోతే దాని మెట్ల మీద నడిచే కథలూ పోతాయి.

నా ఓటు మూడో కొలబద్దకే: పాట పదిమంది నోళ్లలో పడి మారుతూ ఉందా? ఇది నా సొంత ఊహ కాదు. అంతర్జాతీయ జానపద సంగీత మండలి 1954లో ఇచ్చిన నిర్వచనం మౌఖిక పరంపర మీదే నిలబడింది. గతంతో కొనసాగింపు, పాడేవారి వల్ల వచ్చే మార్పు, ఏది నిలవాలో సమాజమే ఎంచుకోవడం, ఇవి మూడూ అందులో ఉన్నాయి. ఒకరు కట్టిన పాటైనా జనం నోళ్లలో కలిసిపోతే జానపదమేనని అది ఒప్పుకుంది.

‘అలాగైతే ఊరంతా పాడే సినిమా పాటా జానపదమేనా?’ అని మా వాదనలో ఒక మిత్రుడు నిలదీశాడు. మంచి ప్రశ్న. ఉన్నది ఉన్నట్టు పాడినంతసేపు కాదు. జనం దాన్ని విరిచి తమ మాటలు పెట్టుకున్న రోజున ఆలోచిద్దాం.

ఈ లెక్కన మా గుడి ముందు పాత పాటలు వినిపించిన స్పీకరు కంటే పెద్దావిడ కొత్త చరణానికే నేను పెద్దపీట వేస్తాను. మధ్యలో ఒకసారి ఆవిడకు చరణం గుర్తు రాలేదు. పక్కావిడ అందించింది. ఎదుటావిడ ఒప్పుకోలేదు, ‘మా ఊళ్లో అట్లా కాదు’ అంది. అడుగు ఆగలేదు, చప్పట్లు ఆగలేదు, రెండూ పాడేశారు. స్పీకరు చుట్టూ ఆడినవాళ్లలో పెదవి కదిపినవాళ్లు నాకు కనిపించలేదు. నన్ను కలవరపెట్టేది ఆ మౌనమే.

ఈసారి ఆటలో ఒక గంటసేపు స్పీకర్లు ఆపాలని గుడి కమిటీని అడిగాం, ఒప్పుకున్నారు. కాలనీ పిల్లలు నలుగురు సాయంత్రాలు పెద్దావిడ అరుగు మీద కూర్చుంటున్నారు. ఆవిడ మొదట నేర్పింది ‘ఉయ్యాలో’ అని ఎక్కడ అందుకోవాలన్నదే.