లాగుడు బ్రష్: టర్ఫ్ కోర్టు మీద బాగా వాడిన తరవాత

చుట్టూ వల కట్టిన చిన్న స్థలంలో ఆడే బాక్స్ క్రికెట్ కోసం మాకు ఒక కోర్టు ఉంది. దాని కోసం కొన్న సామానులో మోటారు గానీ, ఇంజిన్ గానీ లేనిది ఈ లాగుడు బ్రష్ ఒక్కటే. ఇనుప చట్రానికి నైలాన్ కుచ్చులను వరుసలుగా బిగించి, ముందున్న కొక్కేనికి తాడు కట్టి ఇస్తారు. మనిషి నడుస్తూ లాగాలి, అంతే. కోర్టు ఇవాళ్టికీ ఆటకు పనికొస్తున్నదంటే అందులో పెద్ద వాటా దీనిదేనని నాకు గట్టి నమ్మకం. టర్ఫ్‌లో, అంటే కోర్టు మీద పరిచే ప్లాస్టిక్ గడ్డిలో, ఎన్ని రకాలున్నాయో, చదరపు అడుగుకు ఎంతవుతుందో ఇక్కడ రాయడం లేదు. కోర్టు నడుపుతున్న వారికి అవన్నీ తెలిసినవే. మాది విజయవాడ శివార్లలో ఉంది. 40 మిల్లీమీటర్ల పోచ, దాని మధ్య అడుగున ఇసుక, పైన రబ్బరు గుళికలు. పడమటి గోడకు అవతల ఒక పెద్ద చింతచెట్టు ఉంది. ఈ చివరి వివరం అన్నిటికన్నా ముఖ్యమైనదని ముందు ముందు తెలుస్తుంది.

టర్ఫ్ పోచ తనంతట తాను నిలబడదు. దాని చుట్టూ నిండిన ఇసుక, గుళికలే దాన్ని నిలబెడతాయి. బౌలరు ప్రతి బంతికీ కాలు బలంగా మోపే చోట, బ్యాటరు గార్డు తీసుకుని మడమతో గీసే చోట ఆ ఇసుక పక్కలకు జరిగిపోతుంది. ఆ తరవాత పోచ ఒక వైపుకు వాలి చాపలా పరుచుకుంటుంది, ఎండ నేరుగా దాని నడుం మీద పడుతుంది, బంతి లేవకుండా జారిపోతుంది. పోచ వాలిన దిక్కుకు ఎదురుగా బ్రష్ లాగితే అది లేస్తుంది, పక్కన పోగుపడిన గుళికలు గుంటలోకి తిరిగి వస్తాయి. పుల్లల చీపురుతో ఈ పని కాదు సరికదా, విరిగిన కొబ్బరి ఈనెలు పోచల మధ్య దిగబడి, డైవ్ చేసే పిల్లల మోచేతులకు గుచ్చుకుంటాయి. ఇనుప తీగల బ్రష్ పోచను చీల్చేస్తుంది. కనుక నైలాన్ కుచ్చే ఉండాలి, అదీ కాస్త మెత్తనిది.

బ్రష్ మీద నాకు ఇంత అభిమానం కలగడానికి కారణం ఒక వానాకాలం. మా కోర్టులో పడమటి వైపు మూల, వాన వెలిశాక నీళ్లు నిలవడం మొదలైంది. తొలి వానలకు కాసేపట్లో ఇంకిపోయేవి. శ్రావణం వచ్చేసరికి మర్నాడు పొద్దున కూడా అడుగు వేస్తే చుట్టూ బుడగలు లేచేవి. సాయంత్రం స్లాట్లు తీసుకున్న జట్లకు డబ్బు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. టర్ఫ్ వేసిన కాంట్రాక్టరును పిలిపిస్తే ఆయన ఆ మూలన రెండు సార్లు మడమతో తొక్కి చూసి, "అడుగున బేస్ దిగిపోయింది సార్. ఆ భాగం ఎత్తి, కంకర మళ్లీ కొట్టి పరవాల్సిందే" అన్నారు. ఆ పనికి ఆయన చెప్పిన మొత్తం మాకు భరించలేనిది. పైగా ఒకసారి ఎత్తిన టర్ఫ్ అతుకు మునుపటంత బిగువుగా కూర్చోదన్న భయం ఒకటి.

మా దగ్గర పనిచేసే కుర్రాడు నీళ్లను వైపర్‌తో తోసేసి, ఒక స్క్రూడ్రైవరు తెచ్చి ఆ మూలన పోచల మధ్య గుచ్చాడు. మొదటి అర అంగుళం గట్టిగా తగిలింది, ఆ తరవాత మొన సులువుగా దిగిపోయింది. వేళ్లతో తవ్వి చూస్తే పైన నల్లటి పెచ్చు, కాలువ ఒండ్రు ఆరినట్టుగా ఉంది. దాని అడుగున ఇసుక మాత్రం తెల్లగా, విడివిడిగా, కొద్దిపాటి తడితో ఉంది. "సార్, నీళ్లు కిందికి పోనేలేదు, పైనే ఆగిపోయాయి" అన్నాడు. బేస్‌లో లోపం ఉంటే అడుగు ఇసుక బురదగా ఉండాలి కదా. ఆ పెచ్చును అరచేతిలో నలిపి చూస్తే అందులో ఏమున్నదీ స్పష్టంగా కనిపించింది: కుళ్లి పొడిగా మారిన చింతాకు, రోడ్డు దుమ్ము, సాక్సుల నూగు, తెగిపోయిన పచ్చ పోచల ముక్కలు, వెంట్రుకలు. చింతాకు ఎంత చిన్నదంటే పొడిగా ఉన్నప్పుడు ఆకులను ఊదే బ్లోయరు గాలికి లేస్తుంది గానీ ఒక్క చినుకు పడితే చాలు, పోచల సందులోకి జారి ఇక పైకి రాదు. అక్కడే కుళ్లి, దుమ్ముతో కలిసి మట్టి పూతలా బిగిసిపోతుంది.

ఎండ కాసే రోజుల కోసం ఆగాం, ఎందుకంటే తడి మీద బ్రష్ లాగితే గుళికలు ముద్దకట్టడం తప్ప ప్రయోజనం ఉండదు. బాగా ఆరిన తరవాత మొద్దు పళ్లున్న చిన్న దంతెతో పెచ్చును పైపైన కదిలించి, ఆ మీదట ఐమూలగా ఒక దిక్కు నుంచి, మళ్లీ రెండో దిక్కు నుంచి బ్రష్ లాగాం. నల్లటి పొడి కుప్పలుగా బయటపడింది. దాన్ని దోమతెర గుడ్డ బిగించిన జల్లెడలో పోస్తే దుమ్మూ, సన్న ఇసుకా కిందికి రాలిపోయాయి, రబ్బరు గుళికలు పైన మిగిలాయి. ఆ గుళికలను కడిగి, ఆరబెట్టి, ముందుగా పొడి సిలికా ఇసుక చల్లి పోచల మధ్యకు బ్రష్‌తో దింపాక వాటిని తిరిగి పైన వేశాం. ఏటి ఇసుక ఇందుకు పనికిరాదు. అందులోని ఒండ్రు మళ్లీ అదే పెచ్చు కడుతుంది, గరుకు అంచులు పోచను కోస్తాయి. తరవాతి పెద్ద వాన రాత్రిపూట కురిసింది. పొద్దున వెళ్లి చూస్తే ఆ మూల మిగతా కోర్టు లాగే ఉంది, బూటు అడుగు కూడా తడవలేదు. కంకర కొట్టే అవసరం ఇప్పటివరకు రాలేదు.

ఆ సంతోషంలో, తోటి కోర్టుల వారు అడిగినప్పుడల్లా ఈ బ్రష్ ఒక్కటి ఉంటే చాలని చెబుతూ వచ్చాను. ఇప్పుడైతే, చెట్టు ఉన్నచోట బ్లోయరు కూడా తప్పదనీ, రాలిన ఆకును ఏ రోజుకారోజు ఎత్తేస్తేనే బ్రష్‌కు పని తేలికవుతుందనీ కలిపి చెబుతున్నాను. బ్రష్ పైపొరను కదిలిస్తుంది. ఏళ్ల తొక్కిడికి లోతుగా బిగిసిన ఇసుకను వదులు చేసే శక్తి దానికి లేదు. అందుకు వేరే యంత్రం తెప్పించాలి. పిచ్‌కు అడ్డంగా లాగుతున్నప్పుడు చట్రం మూల ఒకసారి అతుకులో తగులుకుని, అడుగునున్న టేపు జానెడు మేర లేచింది. జిగురు పెట్టి, రాత్రంతా బరువు ఉంచితే అతుక్కుంది. అప్పటి నుంచి అతుకుల దగ్గర వాటి పొడవు వెంబడే లాగుతున్నాం, మలుపు తిప్పేటప్పుడు చట్రాన్ని కొద్దిగా పైకెత్తుతున్నాం. బోల్టులు కూడా వదులవుతాయి. ఒక నట్టు ఊడి పోచల్లో పడితే, మోకాలి మీద జారే ఫీల్డరుకు అది కత్తితో సమానం. అందుకని చట్రం వెనక ఒక అయస్కాంతపు పట్టీ కట్టాం. అది మా నట్లనే కాక జడ పిన్నులనూ, షూ మేకులనూ ఏరుతోంది. ఈ పట్టీని కంపెనీయే అమర్చి ఇచ్చి ఉండాల్సింది.

లాగిన ప్రతిసారీ గేటు దగ్గరా, కాలువ పక్కనా కొన్ని గుళికలు చేరతాయి. వాటిని ఎత్తి తిరిగి కోర్టులో వేయడం మా దగ్గర నియమం. వానకు కాలువలో కలిసిన రబ్బరును వెనక్కి తెచ్చుకోలేం. సూక్ష్మ ప్లాస్టిక్ మీద ఐరోపా సమాఖ్య 2023లో తెచ్చిన నిబంధన ప్రకారం అక్కడ ఇలాంటి గుళికల అమ్మకం 2031 నుంచి ఆగిపోతుంది. మన దగ్గర ఎప్పుడు ఏమవుతుందన్నది అటుంచి, గేటు దగ్గర ఒక చేట పెట్టుకోవడానికి ఏ చట్టమూ రానక్కరలేదు.

బ్రష్ చేయలేని పని మరకలు తీయడం. ఈ విషయంలో నేను చూసిన ఒక సంఘటన చెప్పక తప్పదు. ఒక అపార్టుమెంటు టర్ఫ్ మీద శుభ్రం చేయడానికి వచ్చిన ఏజెన్సీ మనుషులు గుట్కా మరకల మీద బ్లీచింగ్ పౌడరు నీళ్లు పోసి, అవి పోకపోయేసరికి బాత్‌రూములకు వాడే యాసిడ్ బాటిల్ తీశారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది ఊపిరితిత్తులను దెబ్బతీసే విషం. చుట్టూ వల మాత్రమే ఉన్న ఆరుబయట కోర్టులో కూడా, వంగి తోముతున్న మనిషి ముఖానికి అది మూరెడు దూరంలో ఉంటుంది. అక్కడున్న పెద్దాయన ఒకరు వెంటనే ఆపించారు. మేము మరకలకు గోరువెచ్చని నీళ్లలో కలిపిన కొద్దిపాటి సబ్బు ద్రవం, మెత్తని గుడ్డ, ఆ తరవాత పుష్కలంగా మంచినీళ్లు తప్ప ఇంకేమీ వాడం. చూయింగ్ గమ్ మీద మంచు ముక్క పెడితే గట్టిపడి పెళుసుగా ఊడి వస్తుంది. పెట్రోలు, థిన్నరు మాత్రం ఎన్నటికీ వద్దు; అవి అడుగు పొరనూ, జిగురునూ కరిగిస్తాయి.

రక్తం పడిన చోటును మాత్రం ఆ పూటే కడగాలి. 2003లో సెయింట్ లూయిస్ రామ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో మందులకు లొంగని స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియా వల్ల ఐదుగురు ఆటగాళ్లకు చర్మ వ్యాధి సోకింది. అదంతా టర్ఫ్ మీద చర్మం గీరుకుపోయిన చోట్లే సోకిందని 2005లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. తువ్వాళ్లు ఒకరివి ఒకరు వాడుకోవడం వంటి అలవాట్లనూ పరిశోధకులు అందులో ఎత్తి చూపారు. కనుక గీరుకున్న మోకాలిని సబ్బుతో కడుక్కోవడానికి గేటు పక్కన ఒక కుళాయి ఉండటం కోర్టు నిర్వహణలో భాగమేనని నా అభిప్రాయం.

ఇక కొనాలా వద్దా అంటే, నా జవాబు మా పరిస్థితులకు కట్టుబడినది. మాది చిన్న కోర్టు, తాడు పట్టుకుని లాగడానికి ఓపికున్న ఇద్దరు మనుషులు ఉన్నారు, పొద్దున మంచు ఆరిన తరవాత ఎండ ముదిరేలోపు కోర్టు ఖాళీగా ఉంటుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట మాత్రం లాగనివ్వను. పోచ వేడికి మెత్తబడి ఉంటుంది, లాగే మనిషి అరికాళ్లు కాలతాయి. పెద్ద ఫుట్‌బాల్ మైదానం ఉన్నవారు మనుషులతో ఇది లాగించడం అన్యాయం, చిన్న ట్రాక్టరు వెనక కట్టే రకం చూసుకోవాలి. ఇసుక నింపని పొట్టి పోచ మ్యాటు వేసినవారికి దీనితో పెద్దగా పని లేదు. కుచ్చులు ఒక పక్కే ముందుగా అరుగుతాయి కాబట్టి, విడి కుచ్చులు దొరుకుతాయో లేదో కొనే ముందే అడగండి. మాకు రెండో జత దొరకడానికి చాలా రోజులు పట్టింది, ఆ రోజుల్లోనే బౌలింగ్ వైపు గుంట మళ్లీ కనిపించింది.