రేషన్ బండా, రేషన్ షాపా? మా కొండ మీద లెక్క వేరు

2021 జనవరి 21న విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర రేషన్ బళ్లకు జెండా ఊపినప్పుడు, ఇక బియ్యం గుమ్మంలోకే వస్తాయని మా గుణదల కొండ మీద అందరం సంబరపడ్డాం. బండి వచ్చింది గానీ కొండ ఎక్కలేదు. ఎలా ఎక్కుతుంది, మాది మెట్లదారి! కింద మలుపులో ఆగి హారన్ కొట్టేది. ఎవరు ముందు దిగితే వాళ్లవి ముందు.

అదీ పగటిపూట. తాపీ పనికి, ఇళ్లలో పనికి పోయినవాళ్లు ఆ పూట బండి తప్పిపోతే, మళ్లీ ఏ వీధిలో ఉందో ఫోన్లు చేసుకుంటూ తిరగాలి. పని మానేస్తే కూలి పోతుంది.

బియ్యం పక్కదారి పడుతున్నాయంటూ ప్రభుత్వం బళ్లు ఆపేసి, 2025 జూన్ 1 నుంచి మళ్లీ షాపులకే పంపింది. ప్రతి నెలా 1 నుంచి 15వ తారీకు దాకా, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. కూలిపని చేసేవాళ్లకు ఇదే మేలని నా మాట. పని దిగి, స్నానం చేసి, తీరిగ్గా వెళ్లొచ్చు. మొదటి రెండ్రోజులు జనం, వేలిముద్ర పడక గొడవ, అవి ఉన్నవే. ఐదో తారీకు తర్వాత వెళితే షాపు దగ్గర జనం ఉండరు.

65 దాటినవాళ్లకు, దివ్యాంగులకు మాత్రం ఇంటికే అన్నారు. మంచిదే. మరి 62 ఏళ్ల మా పక్కింటి మామ్మ సంగతి? మోకాళ్లు అరిగాయి, వయసు చాలలేదు. మనిషికి 5 కిలోల చొప్పున నలుగురికి 20 కిలోలు. కొడుకూ కోడలూ పనికి పోతే మోసేది ఆవిడే. రెండు సంచులు చేసి, ఒకటి కింద కిళ్లీ బడ్డీలో పెట్టి, ఇంకోటి చంకనేసుకుని ఎక్కుతుంది. సగం మెట్ల దగ్గర కూలబడి కొంగుతో విసురుకుంటుంది. కుర్రాళ్లను పిలిస్తే మూటకింత అంటారు, బియ్యం ఉచితమైనా మోత ఉచితం కాదుగా! బండి ఉన్నప్పుడూ ఆవిడ పాట్లు ఇవే.

అందుకే బండా షాపా అని అడిగితే ఆవిడ నవ్వుతుంది. "ఏదైతేనేం నాయనా, మెట్లు నావేగా" అంటుంది.

నన్నడిగితే షాపును ఉంచి, నెలకోరోజు డీలరు మిషనూ కాటా పట్టుకుని మెట్ల మధ్య చప్టా దాకా రావాలి. మోత కూలి సర్కారే ఇవ్వాలి.

ఈ నెల రెండో సంచి ఇంకా కిళ్లీ బడ్డీలోనే ఉంది. రాత్రికి నేనే పట్టుకెళ్లాలి.