కోఠి గల్లీల ఎమ్సీఆర్ చెప్పుల దుకాణం: అయిదుకు నాలుగు స్టార్లు

ఆర్టీసీల కండక్టరుగ చేసి రిటైరయిన. షుగర్ పాతదే. మా బస్తీ దవాఖానాల నర్సమ్మ నన్ను కండ్లు మూసుకొమ్మని, సన్నటి నైలాన్ పోగు వంగేదాక పాదం మీద అక్కడక్కడ ఒత్తుకుంట "తగుల్తున్నదా పెద్దాయనా?" అని అడిగింది. 10 గ్రాముల ఒత్తిడికి వంగే పోగట అది. బొటనవేలి కింద ఒత్తింది నాకు తెల్వనే లేదు, షుగర్‌తోటి పాదంల స్పర్శ తగ్గిందన్నట్టు. ఎమ్సీఆర్ చెప్పులు, అంటే లోపల మైక్రో సెల్యులర్ రబ్బరనే మెత్తటి రబ్బరు పరిచినయి, తెచ్చుకొమ్మని, ఇంట్ల కూడ ఉత్తకాళ్లతోటి తిరగొద్దని చెప్పింది.

అట్ల దొరికింది ఈ దుకాణం. ఇద్దరు కూసుంటే నిండిపోతది. నాకు నచ్చిందేందంటే, దుకాణపాయన నెంబరు అడగడు. కాగితం మీద నిలవడమని రెండు పాదాల చుట్టు పెన్సిల్‌తో గీస్తడు. నిలబడితే పాదం పరుచుకుంటది, అందుకే కూసోబెట్టి కొలవడు. స్పర్శ తగ్గిన కాలికి బిగుతు చెప్పే సరిపోయినట్టు అనిపిస్తది, సరైన సైజేమో వదులనిపిస్తది. కాబట్టి కాలు చెప్పేది కాదు, కాగితం చెప్పేది నమ్మాలె. పొడుగు వేలి ముందర ఒక సెంటీమీటరన్న జాగ ఉండాలె.

లోపల మెత్తటి ఎమ్సీఆర్, కింద గట్టి సోలు, మడమ వెనుక పట్టీ. వేలి నడుమ ఉంగరం లేదు. మేకులు లేవు, అంతా అతుకే. వేలూరుల పాల్ బ్రాండ్ డాక్టరు కుష్ఠు రోగుల మొద్దుబారిన పాదాల కోసం పనిచేసిన కాలం నుంచి ఈ తీరు చెప్పులు మన దేశంల వాడుకల ఉన్నయి. చూడనీకి అందంగ ఉండయి, పెండ్లికి వేసుకపోతే మా ఇంటామె మొకం చిట్లించింది. ఉండనీ.

ఇంకో మాట. నేనున్నప్పుడే పాదానికి కట్టు కట్టుకున్న ఒకాయన వచ్చి చెప్పులు అడిగిండు. "ముందు డాక్టరుకు చూపెట్టన్నా, పుండు మీద బరువు పడకుంట వాళ్లే ఏమన్న కడ్తరు. ఇవి పుండు రాకుంట వేసుకునేటియి" అని అమ్మకుంట పంపిండు. గిరాకిని అట్ల వాపస్ పంపేటోళ్లు ఎంతమంది ఉంటరు?

ఒక స్టారు ఎందుకు కోసిననంటే, "మొదటి రోజు నుంచే పొద్దంత వేసుకోవచ్చు" అంటడు. ఒప్పుకోను. నర్సమ్మ ఒకటి రెండు గంటలతోటి మొదలువెట్టి, విప్పినంక ఎర్రగ కందిందా అని అరికాలు అద్దంల చూడమన్నది. పట్టీ మీది వెల్క్రో కూడ జల్ది పట్టు తప్పింది, మార్పిచ్చినందుకు మళ్ల పైసలు తీసుకున్నడు.

ఇంట్ల వేసుకోను ఇంకో జత తెచ్చుకున్న. మొదట్ల ఇంటామె గడప దాటనియ్యలే, ఇంట్లయి ఇంట్లనే ఉంటయంటే ఊకున్నది. గుడిల చెప్పులు నడవయి కద, మందపు సాక్సు వేసుకొని పోతున్న. ఎండకాలం గుడి బండలు కాలి బొబ్బ లేసినా మాలాంటోళ్లకు తెల్వది. వేసుకునే ముందర చెప్పుల చెయ్యి పెట్టి తడిమి చూడున్రి, గులకరాయి ఉన్నా కాలు పట్టుకోదు.

పోయేటోళ్లు సాయంత్రం పోవాలె, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటయి, కొలత సరిగ వస్తది. పాతచెప్పులు కూడ తీసుకపోండ్రి, సోలు ఏ పక్క అరిగిందో చూసి ఆ పక్క మెత్త ఎక్కువ వేస్తడు. ఆదివారం బంద్.