స్పీడ్ గన్: లేజరా, రాడారా?

బండి వేగం కొలిచే స్పీడ్ గన్‌లలో ప్రధానంగా రెండు రకాలున్నాయి: రాడార్, లేజర్. రెండూ చివరికి తెర మీద చూపించేది ఒక అంకెనే. కానీ ఆ అంకెను రాబట్టే పద్ధతి వేరు. ఒకదాని బలం, ఇంకోదాని బలహీనత రెండూ అక్కడే ఉన్నాయి.

రాడార్ గన్‌కి దూరంతో పని లేదు. రేడియో తరంగాన్ని వదిలి, బండికి తగిలి వెనక్కొచ్చిన తరంగం ఫ్రీక్వెన్సీ ఎంత మారిందో చూస్తుంది. అంబులెన్స్ దగ్గరికొస్తుంటే సైరన్ కీచుగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా, అదే డాప్లర్ ప్రభావం. 24.15 గిగాహెర్ట్జ్ గన్‌కి గంటకు 100 కి.మీ. వేగంతో ఎదురొచ్చే కారు వల్ల కనిపించే తేడా సుమారు 4,500 హెర్ట్జ్. అంటే సెకనుకు 2,415 కోట్ల కంపనాల్లో నాలుగున్నర వేలు! అయినా దీన్ని పట్టుకోవడం ఎలక్ట్రానిక్స్‌కి పెద్ద పని కాదు.

లేజర్ గన్ మాత్రం దూరాన్నే కొలుస్తుంది. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ పల్స్‌లను వరసగా పంపి, ఒక్కోటీ తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో లెక్కిస్తుంది. కాంతి నానోసెకనుకు (సెకనులో వంద కోట్లో వంతుకు) దాదాపు 30 సెం.మీ. పోతుంది. రానూపోనూ ప్రయాణం కాబట్టి, సమయంలో ఒక్క నానోసెకను తేడా వస్తే దూరంలో 15 సెం.మీ. తేడా వచ్చినట్టు. పల్స్ పల్స్‌కీ దూరం ఎంత తగ్గుతోందో చూసి వేగం కడుతుంది. ఇదంతా అర సెకను లోపే.

మరి లేజర్ ఎందుకు? ఒక్కటే కారణం: గురి. 300 మీటర్ల దూరంలో లేజర్ చుక్క వెడల్పు సుమారు ఒక మీటరు. 12 డిగ్రీల బీమ్ ఉన్న రాడార్ అదే దూరంలో 60 మీటర్ల పైనే పరుచుకుంటుంది. అందులో లారీ, కారు, బైకు అన్నీ పడతాయి. పెద్ద లారీ నుంచి ప్రతిధ్వని గట్టిగా వస్తుంది కాబట్టి, పక్కన దూసుకెళ్తున్న బైకు వేగం మరుగున పడిపోవచ్చు. రద్దీ రోడ్డు మీద "ఈ అంకె ఎవరిది?" అని అడిగితే రాడార్ దగ్గర గట్టి జవాబు ఉండదు. అక్కడ నా ఓటు లేజర్‌కే.

కానీ ఆ సన్నని గురే లేజర్‌కి చిక్కు కూడా. చెయ్యి కదిలి చుక్క ఎదురొచ్చే కారు పక్క భాగం మీంచి ముందు వైపుకి జారిందనుకోండి. 0.3 సెకన్లలో ఒక మీటరు జారితే, లెక్కలోకి గంటకు 12 కి.మీ. అదనంగా చేరుతుంది. పొంతన లేని రీడింగ్‌లను గన్ తనే కొట్టేస్తుంది గానీ, చుక్క నిలకడగా జారితే దాన్ని నిజమైన వేగం నుంచి విడదీయడం కష్టం. అందుకే స్టాండ్ మీద పెట్టి కొలవడం మంచిది.

పొగమంచు, జోరువానల్లో లేజర్ తడబడుతుంది, రాడార్ చాలావరకు తట్టుకుంటుంది. కదిలే బండిలో కూర్చుని కొలవాలన్నా రాడారే: నేల నుంచి వచ్చే ప్రతిధ్వనితో సొంత వేగం తెలుసుకుని, దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. బౌలర్ విసిరిన బంతికీ అదే నయం, గాల్లో పోయే బంతి మీద లేజర్ చుక్క నిలపడం ఎవరి తరం!

పక్క నుంచి కోణంలో కొలిస్తే మాత్రం రెండూ తక్కువే చూపిస్తాయి. 10 డిగ్రీల కోణంలో 100 కాస్తా 98.5 అవుతుంది, 20 డిగ్రీలకి 94. డ్రైవర్‌కి లాభమే.

ఈ రెండింటి గుణాలూ కలిసిన ఎఫ్‌ఎంసీడబ్ల్యూ లైడార్ (లేజర్ కాంతితో దూరం కొలిచే పరికరాల్లో ఒక రకం) కూడా ఉంది. ఇది పల్స్‌లకు బదులు ఫ్రీక్వెన్సీ మారుతూ పోయే లేజర్‌ను ఆపకుండా పంపి, దూరాన్నీ, డాప్లర్ ద్వారా వేగాన్నీ ఒకేసారి చెబుతుంది. డ్రైవర్ లేని కార్ల కోసం దీని మీద గట్టిగానే పని జరుగుతోంది. నిర్మాణం మాత్రం క్లిష్టం. పొగమంచులో దీనికీ తిప్పలు తప్పవు, ఇదీ కాంతే కదా.